పొగగొట్టం లేని కాలుష్యం

2022 డిసెంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్ జిల్లా నుంచి వచ్చిన ఒక వార్త చదివి చాలామంది నవ్వుకున్నారు. ఈగల బాధ పడలేక కొత్త కోడళ్లు పుట్టిళ్లకు వెళ్లిపోతున్నారట. ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రావడం లేదట. గ్రామస్థులు ధర్నాకు కూర్చున్నారు. ఈగలన్నీ దగ్గర్లోని కోళ్ల ఫారం నుంచే వస్తున్నాయన్నది వారి ఫిర్యాదు. పత్రికలు దాన్ని వింత వార్తల కాలమ్‌లో వేసి సరిపెట్టాయి. కోళ్ల ఫారాల పక్కన కాపురాలు చేసే వారికి మాత్రం అందులో వింత ఏమీ కనిపించదు. హర్యానాలోని బర్వాలా ప్రాంతంలో ఏళ్ల తరబడి ఇదే గొడవ. తెలుగునాట కూడా ఫారాలు చిక్కగా ఉన్న మండలాల్లో అన్నం కంచం మీద మూత తీయకుండా ముద్ద కలుపుకోవడం ఎలాగో పిల్లలకు సైతం తెలుసు.

ఈగ కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని మీద ధర్నా చేయవచ్చు, కలెక్టర్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. దానితోపాటే షెడ్డు దాటి వచ్చే గాలి సంగతి అలా కాదు. అది కంటికి ఆనదు. ముక్కు కూడా నాలుగు రోజుల్లో అలవాటుపడిపోతుంది. బయటి నుంచి చుట్టాలొచ్చి ముక్కు మూసుకున్నప్పుడే ఊరికి తన వాసన గుర్తొస్తుంది. ఆ గాలిని ప్రభుత్వం నియంత్రించాలా, నియంత్రిస్తే ఎలా అన్న ప్రశ్న భారతదేశంలో చాలా ఆలస్యంగా మొదలైంది. సగం సమాధానంతో ఆగిపోయింది కూడా.

అసలు ఆ గాలిలో ఏముంది? కోడికి మూత్రం వేరుగా ఉండదు. తిన్న దాణాలో ఒంటికి పట్టని నత్రజనిని యూరిక్ యాసిడ్ రూపంలో రెట్టతోపాటే వదిలేస్తుంది. రెట్ట మీద కనిపించే తెల్లటి పూత అదే. పొడిగా ఉన్నంతకాలం దానితో పెద్ద పేచీ లేదు. తడి తగిలిందంటే బాక్టీరియా పని మొదలుపెడుతుంది. యూరిక్ యాసిడ్ విరిగి అమ్మోనియాగా మారుతుంది. గాలి ఆడక కుళ్లిన చోట హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా తోడవుతుంది. కుళ్లిన గుడ్డు కంపు దానిదే. ఒక గుడ్ల కోడి రోజుకు సుమారు 100 గ్రాముల రెట్ట వేస్తుంది. వినడానికి చిన్న లెక్కే. కానీ లక్ష కోళ్ల ఫారంలో అది రోజుకు 10 టన్నులు, అంటే ప్రతిరోజూ ఒక లారీ లోడు. ఎత్తయిన స్తంభాల మీద కట్టిన లేయర్ షెడ్లలో ఈ రెట్ట బోనుల కింద నెలల తరబడి గుట్టలుగా పేరుకుంటుంది. నీటి పైపు కారినా, వాన జల్లు లోపలికి కొట్టినా, ఆ గుట్టే ఈగలకు పురుటి గది, అమ్మోనియాకు ఫ్యాక్టరీ అవుతుంది.

షెడ్డు లోపల అమ్మోనియా మోతాదు 25 పీపీఎం దాటితే కోడికే ముప్పు. కళ్లు వాస్తాయి, శ్వాసనాళం దెబ్బతింటుంది, మేత తగ్గుతుంది, గుడ్ల దిగుబడి పడిపోతుంది. అనుభవమున్న రైతు షెడ్లోకి అడుగుపెట్టగానే కళ్లు మండితే ఏదో తేడా ఉందని గ్రహిస్తాడు. రోజంతా అక్కడే పనిచేసే కూలీకి ఆ మంట జీతంలో భాగం. షెడ్డు బయటకు వచ్చేసరికి వాయువు పలచబడుతుంది, నిజమే. అయితే కథ అక్కడితో ముగియదు. గాలిలోకి చేరిన అమ్మోనియా, వాహనాలు, థర్మల్ విద్యుత్ కేంద్రాలు వదిలే నైట్రోజన్, సల్ఫర్ ఆక్సైడ్ల నుంచి పుట్టిన ఆమ్లాలతో కలుస్తుంది. అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ అనే అతి సూక్ష్మ ధూళి కణాలుగా మారుతుంది. ఊపిరితిత్తుల లోతుల్లోకి చొచ్చుకుపోయే పీఎం 2.5లో ఇవి ఒక ప్రధాన భాగం. ఊళ్లో పుట్టిన గాలి నగరపు గాలితో చేయి కలిపి ధూళిగా మారుతుందన్నమాట. ఉపగ్రహాల కంటికి ప్రపంచంలోకెల్లా అమ్మోనియా దట్టంగా కనిపించే ప్రాంతాల్లో గంగా మైదానం ఒకటి. దానికి కోళ్లొక్కటే కారణం కాదు. పొలాల్లో చల్లే యూరియా, పశువుల పేడ, మూత్రం వాటా చాలా పెద్దది. ప్రపంచవ్యాప్తంగా మానవ కార్యకలాపాల వల్ల వెలువడే అమ్మోనియాలో 64 శాతం పశుపోషణ రంగానిదేనని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2006లోనే లెక్కగట్టింది.

భారత చట్టాలకు ఈ వాయువు తెలియదని కాదు. 1981 నాటి వాయు కాలుష్య నియంత్రణ చట్టం ఇచ్చిన నిర్వచనంలో అమ్మోనియా భేషుగ్గా ఇముడుతుంది. 2009 నవంబర్‌లో ప్రకటించిన జాతీయ వాయు నాణ్యతా ప్రమాణాల్లో 12 కాలుష్య కారకాల్లో ఒకటిగా దాన్ని కూడా చేర్చారు. ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటు 400 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 100 మైక్రోగ్రాములు మించకూడదు. ప్రమాణం ఉంది. కొలిచే యంత్రమే ఊరి దాకా రాలేదు. కాలుష్య నియంత్రణ మండళ్ల పర్యవేక్షణ కేంద్రాల్లో అత్యధికం నగరాల్లోనే ఉన్నాయి. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం సైతం నగరాల జాబితాతోనే నడుస్తోంది. ఆ కార్యక్రమంలో ప్రగతిని కొలిచేది ప్రధానంగా ధూళితో. ధూళిగా మారబోయే వాయువును మాత్రం వదిలేశారు.

అసలు చిక్కు చట్టం ఊహలోనే ఉంది. వాయు చట్టం రాసిన వారి కళ్ల ముందున్నది పొగగొట్టం. గొట్టంలోంచి ఎంత వస్తోందో కొలవాలి, హద్దు దాటితే నోటీసు ఇవ్వాలి. కోళ్ల షెడ్డుకు గొట్టం ఉండదు. నాలుగు వైపులా జాలీలు, పైన రేకులు. గాలి ఎటు వీస్తే కాలుష్యం అటు పోతుంది. దీనికి తోడు కోళ్ల పెంపకం వ్యవసాయంలో భాగమన్న భావన బలంగా పాతుకుపోయింది. ఆదాయపు పన్ను శాఖ మాత్రం ఈ భ్రమలో ఎన్నడూ లేదు. కోళ్ల ఫారం మీద వచ్చే రాబడి వ్యవసాయ ఆదాయం కాదనే అది పన్ను వసూలు చేస్తుంది. పన్నుకు పరిశ్రమ, కాలుష్యానికి సేద్యం అన్న ఈ ఏర్పాటు ఎవరూ కూర్చుని రాసింది కాదుగానీ చాలా కాలం అందరికీ అనుకూలంగానే నడిచింది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2015లో కోళ్ల ఫారాలకు పర్యావరణ మార్గదర్శకాలు ప్రకటించింది. ఫారాలను చిన్న, మధ్య తరహా, పెద్ద అని మూడుగా విడగొట్టింది. అయితే మండలి అనుమతి, వ్యవహారంలో కన్సెంట్ అనేది, ఒకే చోట లక్ష కోళ్లు దాటిన వారికే తప్పనిసరి. మిగతా వారంతా గ్రీన్ జాబితాలో, అంటే పెద్దగా హాని చేయని పరిశ్రమల వరుసలో హాయిగా ఉన్నారు. 99 వేల కోళ్లున్న ఫారం నుంచి రోజూ 9 టన్నుల 900 కిలోల రెట్ట వస్తుంది. దానికి అనుమతి అక్కర్లేదు. మరో వంద కిలోలకే రాజ్యాంగ యంత్రం నిద్ర లేవాలి. ఐరోపా సంఘం 1996లోనే 40 వేల కోళ్ల దగ్గర గీత గీసిందని గుర్తు చేసుకుంటే ఈ లక్ష ఎక్కడి నుంచి వచ్చిందా అన్న సందేహం కలగక మానదు.

ఆ సందేహాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ ముందు పెట్టింది జంతు సంక్షేమ కార్యకర్త గౌరీ మౌలేఖీ. 2017లో వేసిన ఆ దరఖాస్తుపై 2020 సెప్టెంబర్‌లో ట్రైబ్యునల్ తేల్చిచెప్పింది. కోళ్ల ఫారాలను గ్రీన్ జాబితాలో పెట్టి వాయు, జల, పర్యావరణ చట్టాల నుంచి మినహాయించడాన్ని పునఃపరిశీలించాలని కేంద్ర మండలిని ఆదేశించింది. మండలి కదలకపోతే 5,000 కోళ్లు దాటిన ప్రతి ఫారానికీ కన్సెంట్ విధానం దానంతటదే వర్తిస్తుందని గడువు కూడా పెట్టింది. గడువు లేకపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. మండలి మార్గదర్శకాలను సవరించింది. మొదట 25 వేల కోళ్లు దాటిన ఫారాలను, ఆపై 2023 జనవరి నుంచి 5,000 దాటిన వాటిని అనుమతి పరిధిలోకి తెచ్చింది. కొత్త ఫారం జనావాసాలకు 500 మీటర్ల దూరంలో, నదులు, చెరువులు, కాలువలకు 100 మీటర్ల దూరంలో ఉండాలంది. షెడ్డుకూ ఫారం సరిహద్దుకూ మధ్య కనీసం 10 మీటర్ల ఎడం ఉండాలంది. పెరట్లో పది నాటుకోళ్లు పెంచుకునే వారికి దీనితో నిమిత్తం లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల పైచిలుకు కోళ్లు, ఇతర పెంపుడు పక్షుల్లో దాదాపు 32 కోట్లు పెరటివే. మిగతా 53 కోట్ల గురించే ఈ బాధంతా.

ఇప్పుడు గమ్మత్తు చూడండి. లక్ష దగ్గర ఉన్నప్పుడు ఐరోపా కన్నా ఎంతో ఉదారంగా ఉన్న నిబంధన, ఐదు వేలకు దిగేసరికి ఐరోపా కన్నా కఠినమైపోయింది. కాగితం మీద. వేళ్ల మీద లెక్కబెట్టగలిగిన పెద్ద ఫారాలనే సరిగా చూడలేని మండళ్ల నెత్తిన వేల సంఖ్యలో చిన్న ఫారాలు వచ్చి పడ్డాయి. సిమెంటు, ఫార్మా, బల్క్ డ్రగ్ కంపెనీల చుట్టూ తిరగడానికే చాలని ఇంజనీర్లు తణుకు పక్కనో షామీర్‌పేట పక్కనో ఒక షెడ్డు కింద రెట్ట తడిగా ఉందా పొడిగా ఉందా అని వంగి చూస్తారని ఆశించడం అత్యాశే. పైగా 2023లో పార్లమెంటు ఆమోదించిన జన విశ్వాస్ చట్టంతో వాయు చట్టంలోని జైలు శిక్షల స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానాలు వచ్చాయి. అందులో తప్పేమీ లేదు. కోళ్ల రైతును జైలుకు పంపాలని ఎవరూ కోరరు. కానీ తనిఖీ లేని చోట జరిమానా ఎంతైనా ఒకటే.

ఈ వ్యవహారం తెలుగు రాష్ట్రాలకు దూరపు ముచ్చట కాదు. 2022-23 లెక్కల ప్రకారం దేశంలో ఉత్పత్తయిన 13,838 కోట్ల గుడ్లలో ఆంధ్రప్రదేశ్ వాటా 20.13 శాతం, తెలంగాణ వాటా 12.77 శాతం. అంటే దేశం తినే ప్రతి మూడు గుడ్లలో ఒకటి తెలుగు కోడి పెట్టిందే. గుడ్డు ధరను దళారుల చేతుల్లోంచి లాక్కుని రైతులే ప్రకటించేలా 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని నిలబెట్టింది తెలుగువాడైన బి.వి. రావు. అనపర్తి, తణుకు చుట్టుపక్కల ఒక తరం పిల్లలు ఇంజనీరింగ్ చదివింది ఈ గుడ్ల మీదే. కాబట్టి ఇక్కడ కోళ్ల ఫారాన్ని విలన్‌గా చూపిస్తే ఎవరూ నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా. చాలాచోట్ల ఫారమే ముందు వచ్చింది. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ఊరికి దూరంగా వేసిన షెడ్లను రియల్ ఎస్టేట్ వెంచర్లు వెతుక్కుంటూ వచ్చి చుట్టుముట్టాయి. ప్లాటు కొనేటప్పుడు కనిపించని కంపు గృహప్రవేశమయ్యాక తెలిసింది. 500 మీటర్ల నిబంధన ఫారానికి ఉంది, లేఅవుట్‌కు ఉందా? పాత ఫారం దగ్గరకు ఇళ్లు రాకుండా ఆపే నిబంధన లేకపోతే ఈ దూరం ఒక వైపు నుంచే కొలిచే టేపు అవుతుంది.

రైతు వైపు మరో అన్యాయం ఉంది. దాని గురించి మార్గదర్శకాల చర్చలో వినిపించింది తక్కువ. బ్రాయిలర్ రంగం చాలావరకు ఇంటిగ్రేషన్ పద్ధతిలోకి వెళ్లిపోయింది. కోడిపిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందులు కంపెనీవి. పెరిగిన కోడి కూడా కంపెనీదే. రైతుకు మిగిలేవి షెడ్డు, కరెంటు బిల్లు, ఊక పరిచిన నేల, దాని మీద పడే రెట్ట. కిలోకు ఇంత అని పెంపకం కూలీ ముడుతుంది. కన్సెంట్ ఎవరి పేరు మీద తీసుకోవాలి? షెడ్డు యజమాని పేరు మీదే. ఒకే కంపెనీ కోళ్లు చుట్టుపక్కల యాభై షెడ్లలో, ఒక్కోదాంట్లో 4,900 చొప్పున పెరుగుతుంటే చట్టం దృష్టిలో అక్కడ ఒక్క ఫారం కూడా లేదు. దాణాలో ప్రొటీన్ ఎంత కలపాలన్నది నిర్ణయించేది కంపెనీ. ప్రొటీన్ ఎక్కువైతే రెట్టలో నత్రజని ఎక్కువ, దాంతోపాటే అమ్మోనియా ఎక్కువ. గాలిని నిజంగా మార్చగలిగిన మీట ఎవరి చేతిలో ఉందో వారికి ఏ నోటీసూ వెళ్లదు.

బయటి దేశాల అనుభవం నుంచి నేర్చుకోవలసింది ఏమైనా ఉంటే అది ముందుగా ఏం చేయకూడదన్నదే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2005 జనవరిలో పశు, కోళ్ల పరిశ్రమతో ఒక ఒప్పందానికి వచ్చింది. ఫారం కొద్దిపాటి జరిమానా కట్టి, ఉద్గారాల అధ్యయనానికి తలా కొంత చందా వేయాలి. బదులుగా అధ్యయనం తేలేదాకా వాయు చట్టాల కింద దావాలుండవు. దాదాపు 14 వేల ఫారాలు ఈ గొడుగు కిందికి వచ్చాయి. కొలతలు తీశారు. లెక్కలు కట్టే పద్ధతి మాత్రం తేలలేదు. పదకొండేళ్లు గడిచినా నమ్మదగ్గ సూత్రాలు తయారుకాలేదని ఆ సంస్థ సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే 2017లో తప్పుపట్టారు. అదే ఏడాది ఏప్రిల్‌లో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు, రోజుకు 100 పౌన్లకు మించి అమ్మోనియా వదిలే పెద్ద ఫారాలు ఆ సంగతి వెల్లడించనక్కర్లేదన్న 2008 నాటి మినహాయింపును కొట్టేసింది. ఏడాది తిరక్కుండా, 2018 మార్చిలో అమెరికన్ కాంగ్రెస్ ఆ మినహాయింపును చట్టంగానే చేసిపెట్టింది. ఇంకా కొలుస్తున్నాం అన్న మాటతో ఎంత కాలం నెట్టుకురావచ్చో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

నెదర్లాండ్స్‌ది సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ ప్రభుత్వాలు కాగితాల మీద కాబోయే తగ్గింపును చూపించి ఇవాళే పర్మిట్లు ఇస్తూ పోయాయి. 2019 మే 29న ఆ దేశ అత్యున్నత పాలనా న్యాయస్థానం ఆ పథకాన్ని కొట్టేసింది. ఒక్కసారిగా పర్మిట్లు ఆగిపోయాయి. అక్టోబర్ నాటికి రైతులు ట్రాక్టర్లతో హేగ్ నగరాన్ని ముంచెత్తారు. ఆ ఆగ్రహం మీద పుట్టిన రైతు పౌర ఉద్యమ పార్టీ 2023 మార్చిలో ప్రాంతీయ ఎన్నికలను ఊడ్చేసింది. ఏళ్ల తరబడి చూసీచూడనట్టు వదిలేసి, చివరికి కోర్టు తీర్పుతో ఒక్కరోజులో బిగించబోతే రైతు నష్టపోతాడు, ప్రభుత్వం పడిపోతుంది, గాలి ఎలా ఉన్నది అలాగే ఉంటుంది.

చేయదగ్గదానికి కూడా ఉదాహరణ ఐరోపాలోనే ఉంది. గొట్టం లేదు కాబట్టి కొలవలేం అన్న వాదనను వారు 2017లో ఒక చిన్న లెక్కతో దాటేశారు. పెద్ద ఫారాల్లో, బోనులో పెంచే ఒక్కో గుడ్ల కోడి తరఫున ఏడాదికి 0.02 నుంచి 0.08 కిలోల అమ్మోనియా మాత్రమే గాలిలోకి పోవాలన్నారు. పై హద్దు ప్రకారం లక్ష కోళ్ల ఫారానికి ఏడాదికి 8 టన్నులు. గేటు దగ్గర యంత్రం పెట్టనక్కర్లేదు. ఎన్ని కోళ్లు, ఏ దాణా, ఎంత నత్రజని లోపలికి వెళ్లింది, గుడ్డులో, మాంసంలో, ఎరువులో ఎంత బయటికి వచ్చింది అన్న జమాఖర్చుతో మిగిలింది గాలిలోకి పోయినట్టు లెక్క. దాణా బిల్లులు, ఎరువు అమ్మిన బిల్లులు భారతీయ ఫారాల్లోనూ ఉంటాయి. కోడి ఎరువు తీసుకెళ్లే లారీ పొలానికి పోతోందో, కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకు పోతోందో కూడా ఆ లెక్కలో బయటపడుతుంది. కొందరికి ఇష్టం లేనిది బహుశా అదే.

ప్రభుత్వం తలచుకుంటే లెక్క తేలదన్న మాట అబద్ధమని 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలు చూశాయి. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ఫారాల నుంచి పంపిన నమూనాల్లో బర్డ్‌ఫ్లూ ఉన్నట్టు భోపాల్ ల్యాబ్ నిర్ధారించగానే చుట్టూ కిలోమీటరు మేర రెడ్‌జోన్, 10 కిలోమీటర్ల మేర నిఘా జోన్ గీశారు. ఏ ఫారంలో ఎన్ని కోళ్లున్నాయో పశుసంవర్ధక శాఖ దగ్గర వివరాలున్నాయి. అదే జాబితాను కాలుష్య మండలికి పంపడానికి ఒక లేఖ చాలు. రెండు శాఖలు వేర్వేరు భవనాల్లో ఉంటాయన్నదే అడ్డంకి అయితే దానికి మార్గదర్శకాల సవరణ అక్కర్లేదు.

రైతు చేయగలిగినవీ ఖరీదైనవి కావు. పాత తొట్లు తీసేసి నీళ్లు కారని నిపుల్ డ్రింకర్లు బిగించడం, వాన జల్లు కొట్టే వైపు పరదాలు, చూరు నీరు రెట్ట గుట్టల వైపు పారకుండా చిన్న కాలువ, ఎత్తిన ఎరువును కప్పిపెట్టి తరలించడం. వేసవిలో ఈగ గుడ్డు నుంచి ఎగిరేదాకా వారం, పది రోజులకు మించి పట్టదు కాబట్టి ఎరువు తడిసిన వారంలోపే పని జరగాలి. పెద్ద ఫారాలకు రెట్టను రోజూ బయటికి లాగే బెల్టులున్న బోనులు ఉన్నాయి. వాటికి పెట్టుబడి ఎక్కువే. బ్యాంకు రుణాలు, సబ్సిడీలు కొత్త షెడ్లకు ఇచ్చినట్టే వీటికీ ఇవ్వవచ్చు. తనిఖీకి వచ్చే వారు మార్చిలో, ఫైళ్లు మూసే హడావుడిలో, ఎండకు రెట్ట పిడకలా ఎండిన రోజున వస్తే అన్ని ఫారాలూ పాసవుతాయి. రావలసింది జూలైలో, మూడు రోజులు ముసురు పట్టిన మర్నాడు.